గంగ దిగని పటం

ఇటు జరుగు బంగారూ. దిండు సరిగ్గా పెట్టుకో. కాళ్ళు నా మీద వేసుకోవచ్చు గానీ తన్నకూడదు, ఆఁ. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో రాజు లేడు, రాణీ లేదు. ఒక కొండ మాత్రం ఉండేది. రాగికొండ అనేవాళ్ళు దాన్ని. ఎప్పటి వాళ్ళో రాగి కోసం తవ్వి వదిలేసిన గోతులు దాని ఒళ్ళంతా ఉండేవి. రాగి అయిపోయింది, తవ్వేవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత మేకలు తప్ప ఎవరూ దాని మొహం చూసేవాళ్ళు కాదు.

ఆ కొండ కింద పటాలు వేసేవాళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. పటం అంటే గోడకి తగిలించే ఫోటో అనుకునేవు. కాదు. చీరంత పొడుగు గుడ్డ. దాని మీద కథంతా బొమ్మలుగా వేస్తారు. కథ చెప్పే ఆయన దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడతాడు. నువ్వు అన్నం కూడా మర్చిపోయి టీవీ చూస్తావే, అట్లా ఊరంతా కూర్చుని చూసేది.

ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు. బొమ్మలు గీసే పిచ్చయ్య. ఆయన కూతురు అంకాలు. ఆయన్ని కన్న తల్లి తిరపతమ్మ. అంకాలుకి ఊహ తెలియకముందే వాళ్ళమ్మ పోయింది. అందుకని ఆ పిల్లకి అమ్మయినా, నాయనమ్మయినా, ఆటల్లో జోడీ అయినా అన్నీ తిరపతమ్మే.

పిచ్చయ్య ఎరుపు తనే వేసేవాడు, పసుపు తనే వేసేవాడు, తెలుపూ తనే వేసేవాడు. నీలం మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఆ ఇంటి ఆచారం అది. నీలం ఆడవాళ్ళది. అన్ని రంగులూ ఆరిపోయాక చివర్న పెట్టాలి, నూరిన చెయ్యే పెట్టాలి.

ఆ నీలం ఎక్కడిదనుకున్నావు? ఆ కొండదే. తొలకరి వాన పడి మట్టి కొట్టుకుపోగానే తిరపతమ్మ కొండెక్కేది. గోతుల అంచుల్లో, రాగి ఉన్న చోటే పుట్టే నీలిరాయి తళుక్కుమనేది. వంగి ఏరి ఒళ్ళో కట్టుకుని తెచ్చేది. తెచ్చి వడ్లపొట్టులో దాచేది. చెమ్మ తగిలితే నీలం కాస్తా ఆకుపచ్చ అయిపోతుంది మరి.

అప్పుడు దాన్ని రోట్లో మెల్లగా చితక్కొట్టి, కల్వంలో పోసి, కాసిన్ని నీళ్ళు చల్లి నూరేది. నూరుతూ ఒక పాట పాడేది. పాట అయిపోగానే చెయ్యి ఆపేది. ఆపాక నీళ్ళు పోసి కడిగితే బురదంతా పైకి తేలి పోయేది, నీలం అడుగున కూర్చునేది. దాన్ని తుమ్మబంకలో కలిపి పటం మీద పెట్టేది. ఆ పాట నీకూ నేర్పుతాను, విను.

కొండమ్మ కొండమ్మ, నీ కొంగున ఏముంది?
రాగమ్మ చెల్లెలు రంగమ్మ ఉంది.
రంగమ్మ రంగమ్మ, ఎందాక వస్తావు?
గరగర లాడేదాక నీ ఎంట వస్తాను.
గరగర పోతేనో?
గడప దిగి పోతాను.

అంకాలుకి మాటలు రాకముందే ఈ పాట వచ్చు. నోటికి వచ్చిన పాటని ఎవరు ఆలకిస్తారు చెప్పు? అంకాలూ ఆలకించలేదు.

ఇట్లా ఉండగా తిరపతమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ముదురు రంగులు కనిపించేవి. లేతవన్నీ తెల్లగుడ్డలో కలిసిపోయేవి. కొండెక్కడం మానేసింది. ఏరడానికి కళ్ళుండాలి కదా. వడ్లపొట్టులో ఒక్క రాయి మిగిలింది. జామకాయంత ఉంటుంది. మంచి రాయి.

అప్పుడు కథలు చెప్పే సంబయ్య వాళ్ళింటికి వచ్చాడు. "గంగమ్మ కథ పటం కావాలి పిచ్చయ్యా. కార్తీకంలో వచ్చి తీసుకుపోతా" అన్నాడు. శివుడి జడలోంచి గంగ భూమ్మీదికి దిగే కథ అది. ఇంక నీలం లేకుండా ఎట్లా?

పిచ్చయ్య బొమ్మలన్నీ గీశాడు. రంగులన్నీ వేశాడు. గంగ దిగే చోటు మాత్రం తెల్లగా వదిలేశాడు. ఆ తర్వాత దూరపు ఊళ్ళో రథానికి రంగులెయ్యమంటే కుంచెలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కార్తీకానికి గానీ రాడు.

తిరపతమ్మ పొట్టులో చెయ్యి పెట్టి ఆ రాయి తీసింది. అంకాలు చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నా కళ్ళు ఎన్నాళ్ళో ఆగవే. మూతబడేలోగా ఒక్కసారి గంగని చూడాలి. నువ్వు నూరి నువ్వే పెట్టు" అంది.

 నీలం అంకాలు చేతికి రావడం అదే మొదలు. నాయనమ్మ ఇప్పటిదాకా చూడని నీలం చూపించాలనుకుంది. పాపం, ఆ పిల్ల మనసులో ఉన్నది ప్రేమే. అది నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు కల్వం ముందు కూర్చుంది. పాట పాడుతూ నూరింది. పాట అయిపోయింది. చూస్తే పొడి ఇంకా ఇసకలాగే ఉంది. అప్పుడు ఆ పిల్లకి ఒక ఆలోచన వచ్చింది. పసుపు ఎంత మెత్తగా దంచితే అంత పచ్చన. గోరింటాకు ఎంత మెత్తగా నూరితే అంత ఎర్రగా పండుతుంది. మరి నీలాన్ని నాయనమ్మ బరగ్గానే ఎందుకు వదిలేస్తుంది? ముసలి చేతులు కదా, ఓపిక లేక ఆపేస్తుందేమో అనుకుంది.

అందుకని మళ్ళీ పాట మొదలుపెట్టింది. అది అయ్యాక మళ్ళీ పాడింది. చేతులు బొబ్బలెక్కేదాకా నూరింది. పొడి వెన్నలాగా అయింది. కల్వం సడి చెయ్యడం మానేసింది. అంకాలు సంబరంగా దాన్ని బంకలో కలిపి, శివుడి జడ దగ్గర మొదలుపెట్టి కింద దాకా ఒక్క బిగిన పూసేసింది.

ఆరింది. ఆరాక చూస్తే ఏముంది? గంజిలో సిరా చుక్క పడినట్టు వెలవెలబోయి ఉంది. ఆ రాయి తీరే అంత బంగారూ. పలుకు పలుకుగా ఉన్నంతసేపే దాని నీలం దాని దగ్గరుంటుంది. పిండి చేస్తే వెళ్ళిపోతుంది. పాటలో ఉన్నది అదే. పుట్టినప్పటి నుంచీ పాడుతూనే ఉంది పిచ్చి పిల్ల.

ఇంతలో తిరపతమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. పటానికి మొహం ఆనించి, తల అటూ ఇటూ తిప్పి వెతికింది. లేత నీలం ఆమె కళ్ళకి ఆనలేదు.

"ఏందే, గంగ ఇంకా దిగలేదా?" అంది.

 ఉన్న ఒక్క రాయీ పాడుచేశానని అంకాలు ఎట్లా చెప్తుంది? నాయనమ్మ మొహం చిన్నబోతుందని భయపడింది. తడబడుతూ ఒక అబద్ధం చెప్పింది.

"ఇంకా లేదు నాయనమ్మా. రేపు దిగుద్ది."

అది మొదటి రేపు.

ఆ తర్వాత అంకాలు తిండి మానేసి ఆలోచించింది. కల్వంలో కొంచెం పొడి మిగిలి ఉంది. దానికి రంగు తిరిగి తెప్పించడం ఎట్లా? నాన్న పసుపు మన్నుని పెనం మీద కాలిస్తే అది ఎర్ర కావి అవుతుంది. వేడి తగిలితే రంగు ముదురుతుందని ఆ ఇంట్లో పిల్లకి కూడా తెలుసు. అందుకని మిట్టమధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుండగా పొయ్యి రాజేసి, పెనం పెట్టి, పొడి పోసి వేయించింది.

ముదిరింది, ముదరకేం! ముదిరి ముదిరి మసిబొగ్గయింది. నీలిరాయికి నిప్పు పడదు. పెనం దించేలోపే నల్లటి బూడిద మిగిలింది.

వాసనకి తిరపతమ్మ లేచింది. "ఏం మాడిందే?" అంది. "ఏం లేదు, అట్టు" అంది అంకాలు. "గంగ దిగిందా?" అంది. "రేపు" అంది అంకాలు.

అది రెండో రేపు. చూశావా, మొదటిది నోరు దాటడానికి ఎంత కష్టపడిందో, రెండోది అంత సులువుగా వచ్చేసింది.

అప్పుడు ఇంక కొండే దిక్కు అనుకుంది. ముసురు పట్టిన రోజు, బంక కోసమని చెప్పి కొండెక్కింది. జారింది, మోకాలు చెక్కుకుపోయింది, మళ్ళీ ఎక్కింది. ఒక పాత గోతి అంచున, మబ్బు వెలుగులో, తడి మీద, రాళ్ళు నీలంగా కనిపించాయి. ఎంత ఏడ్చిందో అంత నవ్వింది. పరికిణీ ఒళ్ళో నింపుకుని, ఒక్క పరుగున ఇంటికొచ్చి, వసారాలో ఆరబోసింది.

తడి ఆరింది. అన్నీ పచ్చ రాళ్ళు. పాచి పట్టిన పచ్చ. నీలిరాయిని చెమ్మ తినేస్తే మిగిలేది అదే. అంకాలు ఒక్కో రాయీ తిప్పి తిప్పి చూసింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళి నీళ్ళకుండ వెనకాల పారేసింది. పారేసి ఆ కుండ పక్కనే కూర్చుంది.

"వచ్చావా తల్లీ? గంగ ఎప్పుడు దిగుద్దే?" అంది నాయనమ్మ లోపలి నుంచి.

"రేపు నాయనమ్మా."

అది మూడో రేపు.

ఆ రేపు రాలేదు. వానలు వచ్చాయి, పోయాయి. దసరా వచ్చింది, పోయింది. అంకాలు రోజూ పటం చుట్టి పక్కన పెట్టేది. నాయనమ్మ కంటబడకుండా పనులు వెతుక్కునేది. నాయనమ్మ రోజూ అడిగేది, అంకాలు రోజూ రేపనేది.

ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, తిరపతమ్మ చింతపండు గింజలు తీస్తోంది. అంకాలు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె తల ఎత్తలేదు. మంచినీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపింది. చెంబు ఎదురుగానే ఉంది. చెయ్యి దాని పక్కన నేల మీద తడుముతోంది.

అప్పుడు అంకాలుకి తట్టింది. నాయనమ్మ గంగ గురించి అడిగి చాలా రోజులైంది.

"నాయనమ్మా, గంగ దిగిందా అని అడగట్లేదేం?" అంది. 

"అడిగి ఏం చేసుకోను తల్లీ? దిగినా నాకు కనపడదు కదా" అంది తిరపతమ్మ. అని, మళ్ళీ గింజలు తీసుకుంటూ కూర్చుంది.

అంకాలు ఆ చింతపండులోనే కూలబడిపోయింది. నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుని మొత్తం చెప్పేసింది. మెత్తగా నూరింది చెప్పింది, పెనం మీద వేయించింది చెప్పింది, పచ్చ రాళ్ళు ఏరుకొచ్చింది చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, ఎక్కిళ్ళు పెడుతూ చెప్పింది.

తిరపతమ్మ తిట్టలేదు.  చేతులకంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంది.

"ఆ పచ్చ రాళ్ళు పగలగొట్టి చూశావా?" అంది.

"లేదు నాయనమ్మా."

"పైన పచ్చగా ఉంటే లోపల నీలం ఉండిద్దే. చెమ్మ పైనుంచే కదా తింటా వచ్చేది. పగలగొట్టు, ఫో."

అంకాలు నీళ్ళకుండ వెనక్కి పరిగెత్తింది. రోకలి తీసుకుని మొదటి రాయి కొట్టింది. రాయి రెండు ముక్కలైంది. లోపల కందిగింజంత నీలం. రెండోది కొట్టింది. అందులో చిక్కుడు గింజంత. మూడోది కొట్టింది. అందులో కళ్ళు చెదిరేంత.

ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది. రోజూ ముంచుకుని తాగే నీళ్ళకుండ వెనకాలే ఉంది. ఒక్క మాట అడిగి ఉంటే, నాయనమ్మ కళ్ళున్నప్పుడే గంగ దిగేది.

"అడిగితే చెప్పేదాన్ని కదే" అంది తిరపతమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అంకాలుకి కొంత తేలిగ్గా ఉండేది.

అప్పుడు అంకాలు ఆ నీలపు గింజలన్నీ ఏరి, చితక్కొట్టి, కల్వంలో పోసింది. నాయనమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ పాట పాడారు. ఈసారి అంకాలు తను పాడే ప్రతి మాటా విన్నది. గడప దిగి పోతాను అనగానే చెయ్యి ఆపేసింది. కల్వంలో నీలం గరగరలాడుతూ ఉంది.

అదంతా కలిపితే గంగకి అనుకున్నంత వెడల్పు రాలేదు. లేత నీలం పూసిన దాని నడిమధ్య, సన్నగా, చిక్కగా పెట్టుకుంటూ వచ్చింది. రెండు అంచులా పాత లేత నీలం మిగిలింది. చూసేవాళ్ళకి అది నురగ లాగా ఉంది. బాగుంది అన్నారంతా. అంకాలు మాత్రం ఆ నురగ వైపు ఎప్పుడూ చూడలేకపోయేది.

కార్తీకం వచ్చింది. పిచ్చయ్య ఇంటికొచ్చాడు. సంబయ్య పటం కోసం వచ్చాడు. కొత్త పటం కథని మొదటిసారి ఆ పటం వేసినవాళ్ళ వాకిట్లోనే చెప్పాలి, అది పద్ధతి. సాయంత్రం వాకిట్లో చాప వేశారు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. తిరపతమ్మని అందరికంటే ముందు కూర్చోబెట్టారు. చూసేవాళ్ళు కూర్చునే చోటు అది. ఆమె అక్కడ కూర్చుని వింటోంది.

సంబయ్య పాడుతూ పటం విప్పాడు. భగీరథుడొచ్చాడు. శివుడొచ్చాడు. ఆ తర్వాత గంగ వచ్చింది. వాకిట్లో వాళ్ళంతా ఒక్కసారి ఆఁ అన్నారు. ఆ ఆఁ వినగానే తిరపతమ్మ చెయ్యి చాపింది.

"అంకాలూ, నా చెయ్యి పట్టుకెళ్ళవే."

అంకాలు ఆ వేళ్ళని తీసుకెళ్ళి పటం మీద పెట్టింది. తిరపతమ్మ శివుడి జడ దగ్గర మొదలుపెట్టి, వేలు కిందికి జరుపుకుంటూ వచ్చింది. సన్నటి పలుకులు వేలికి తగులుతున్నాయి. ఏటి ఒడ్డున తడి ఇసక తగిలినట్టు. ఆమె మొహం విచ్చుకుంది.

"గరగరలాడుతుంది. దిగింది తల్లీ, గంగ దిగింది" అంది. అని కొంచెం ఆగి, మెల్లగా అడిగింది. "ఎట్టాగుందే?"

"నెమలి మెడలా ఉంది నాయనమ్మా" అంది అంకాలు.

"నీలం అట్టాగే ఉండిద్ది, అది నాకు తెలుసులే. ఇయాల్టిది, నువ్వు పెట్టింది, ఎట్టాగుందో చెప్పు."

అంకాలు నోరు తెరిచింది. ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. ఆ రంగు ఎదురుగా ఉంది, అడిగిన మనిషి పక్కన ఉంది, మధ్యలో చెప్పడానికి ఏమీ లేదు. ఆ పిల్ల నాయనమ్మ భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. తిరపతమ్మ పటం మీది చెయ్యి తియ్యకుండానే, రెండో చేత్తో ఆ పిల్ల వీపు రాసింది.

ఆ తర్వాత తిరపతమ్మ చాలా కార్తీకాలు బతికింది. అంకాలు చాలా పటాలకి నీలం పెట్టింది. పెట్టిన ప్రతిసారీ ముందు నాయనమ్మ వేలు తీసుకెళ్ళి దాని మీద ఆనించేది. గరగరలాడితే ముసలమ్మ నవ్వేది. చేతికి అందింది గానీ, బంగారూ, కంటికి అందలేదు. అంకాలు పెట్టిన నీలం ఊళ్ళన్నీ చూశాయి. ఎవరి కోసం పెట్టిందో ఆ ఒక్క మనిషీ చూడలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ చోటికి వచ్చేసరికి నాకు ఆ పిల్ల మీద జాలేస్తుంది. ఆ మూడు రేపుల మీద మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఏంటి, ఊఁ ఆగిపోయింది? నిద్రొస్తోందా, ఏడుస్తున్నావా? ఇటు తిరుగు. ఇంతకీ గూట్లో ఊరగాయ జాడీ మూత ఎట్లా పగిలిందో రేపు చెప్తావా, ఇప్పుడు చెప్తావా?

ఓస్, ఇంతేనా. చెప్పేశావుగా. ఇంక కళ్ళు మూసుకో.

కొండలో రాయేమో కల్వంలోకి,
కల్వంలో నీలమేమో గంగలోకి,
గంగమ్మ కథేమో కంచికి,
నువ్వూ నేనేమో మనింటికి,
నిద్దరేమో నీ కంటికి.